మామగారి పేరున్న గుర్రం

ఫిబ్రవరి 4

బెంగళూరు నుంచి గుర్రం కాగితాలు వచ్చాయి. ప్లాస్టిక్ కవరు, లోపల దళసరి కార్డు, దాని మీద ఉలవప్ప ఫోటో. నా ఆధార్ ఫోటో కన్నా వాడిది వెయ్యి రెట్లు బాగుంది. ఫోటో కింద పేరు అని రాసిన చోట మా మామగారి పేరు ఉంది.

రెండుసార్లు చదివాను. మామగారి పేరే. మా ఆయన ఎవర్నీ అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా రాయించి పంపేశాడు.

ఆ పేరు ఇక్కడ రాయను. కాపురానికి వచ్చి ఇరవై మూడేళ్ళయింది, ఒక్కసారి కూడా పలకలేదు. రేషన్ కార్డుకి రాశాను, అది ప్రభుత్వం అడిగింది కాబట్టి. ఈ డైరీ రాయమని ఎవరూ అడగలేదు. పాల కేంద్రం వాళ్ళు ఊరికే ఇచ్చారు. ఇక్కడ రాస్తే నాకు నేనుగా ఆయన్ని పేరు పెట్టి పిలిచినట్టే. మా ఊళ్ళో కోడలు మామ పేరు పలకదు, పెళ్ళాం మొగుడి పేరు పలకదు. చాదస్తమని మా అమ్మాయి జాహ్నవి అంటుంది. చాదస్తమో కాదో, నోరు రాదు.

వాడి పేరు ఉలవప్ప. నాలుగేళ్ళ కింద బెంగళూరు దగ్గర గుర్రాల ఫారంలో తల్లి ఈని చచ్చిపోతే, టమాటాలు దించడానికి పోయిన మా ఆయన ఖాళీ బండిలో వీడిని వేసుకుని వచ్చాడు. మా పుంగనూరు ఆవు పాలలో నీళ్ళు, చక్కెర కలిపి సీసాతో తాగించింది నేను. నడుముకి గోనె సంచి చుట్టుకుని పక్కన పడుకుంది నేను. మొదటిసారి ఉడికించిన ఉలవలు పెడితే తల మొత్తం కుండలో దూర్చి, కుండతో సహా రామసముద్రం రోడ్డు దాకా పరుగెత్తాడు. ఆ రోజు మా అత్తే పెట్టింది పేరు, ఉలవప్ప అని.

"నాయన పేరు నిలబడల్ల గదా. ఆయనకి గుర్రమంటే పాణం" అన్నాడు మా ఆయన. వాడు వచ్చిన నాలుగు నెలలకి మామగారు పోయారు. ఆ నాలుగు నెలల్లో ఆయన వాడికి ఒక్క పరక గడ్డి వేయడం నేను చూడలేదు. 

మా అత్త ఆదిలక్ష్మమ్మకి చదువు రాదు. ఏం పేరు రాసినారని కొడుకునే అడిగింది. చెప్పాడు. ఆమె ఎసరు పెట్టాలని లేచి లోపలికి పోయింది. అప్పుడు మధ్యాహ్నం మూడున్నర.

ఫిబ్రవరి 5

నాకు కోపం లేదు.

ఫిబ్రవరి 6

పాపం, అత్త. ఆమె మొగుడి పేరు తెచ్చి గుర్రానికి పెడితే ఎంత బాధపడి ఉంటుంది. ఆమె కోసమైనా ఏదో ఒకటి చేయాలి. నా సంగతి వదిలేద్దాం.

ఫిబ్రవరి 7

జాహ్నవి ఫోన్ చేసింది. మదనపల్లెలో హాస్టల్లో ఉండి చదువుకోవే తల్లీ అంటే, కుప్పంలో జరిగే పశువుల ప్రదర్శనకి మా ఇద్దరినీ, అంటే నన్నూ గుర్రాన్నీ, పోటీలో చేర్చింది. మార్చి ఒకటో తేదీ. గుర్రాలకి పిలుపు పోటీ అని ఉందట. నియమాలు చదివి వినిపించింది.

గుర్రాన్ని బరిలో ఆ చివర వదలాలి. పట్టుకొచ్చిన మనిషి ఈ చివర నిలబడి కాగితంలో ఉన్న పేరుతో గట్టిగా పిలవాలి. రెండు నిమిషాల్లో గుర్రం రావాలి. ఈల వేయకూడదు. దాణా చూపకూడదు. వేరే పేరుతో పిలవకూడదు.

నేను పిలిస్తే వాడు ఎక్కడున్నా వస్తాడని మండలమంతా తెలుసు. ఆ మెప్పు కుప్పంలో నలుగురి ముందు తీసుకోవాలని నాకూ ఆశగానే ఉంది. ఇంట్లో నేను చేసిన పని దేనికీ ఇంతవరకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇప్పుడు కొట్టే అవకాశం వస్తే, మామగారిని పేరు పెట్టి పిలిస్తే కొడతారట.

నేనే పట్టుకుపోతాలే అన్నాడు మా ఆయన. సరే పట్టుకో అని పగ్గం చేతికిచ్చాను. మూడడుగులు నడిచి ఉలవప్ప నిలబడిపోయాడు. తర్వాత ఆయన భుజం మీది తువ్వాలు లాక్కుని నా దగ్గరికి తెచ్చాడు. నేను నవ్వలేదు. లోపలికి పోయి నవ్వాను.

ఫిబ్రవరి 8

ఆదివారం. జాహ్నవి వచ్చింది. పేరు ఒక్కసారి మార్చుకోవచ్చని కాగితాల వెనకాల రాసి ఉందట. పశువుల డాక్టరు సంతకం, యజమాని సంతకం పెట్టించి, ఇరవయ్యో తేదీ లోపల బెంగళూరుకి చేర్చాలి. చెల్లి పెళ్ళి కుదిరినంత సంతోషమేసింది.

కొత్త పేర్లు రాసుకుని వచ్చింది మహాతల్లి. రాయల్ స్టార్మ్. బ్లాక్ థండర్. మన గుర్రం బెల్లం రంగు కదే అన్నాను. ఉలవప్ప అని రాయమన్నాను. మైకులో ఉలవప్ప అంటే జనం నవ్వుతారంది. నవ్వనీ, మైకులో మీ తాత పేరు చదివితే నేను ఏడవాలి కదా అన్నాను.

అత్తను కూడా అడిగాను. అత్తా, పేరు మార్పిస్తాను, నీకు బాగుంటుంది కదా అని. ఆమె చింతపండు పిక్కలు తీస్తోంది. "నీ ఇష్టమమ్మా" అంది. తల ఎత్తలేదు. ఎంత బాధ లేకపోతే తల ఎత్తకుండా ఉంటుంది.

ఫిబ్రవరి 10

పక్క తోట ఈశ్వరమ్మ వాకిట్లో నిలబడి, మీ మామ మా మల్బరీ తోటలో పడి మేస్తున్నాడని పేరు పెట్టి మరీ అరిచింది. కాగితాలు వచ్చిన సంగతి ఊరంతా తెలిసిపోయింది. పట్టుపురుగులకి పెట్టుకున్న ఆకు, రెండు వరసలు తినేశాడు. మామూలుగా అయితే వాడి చెవి పట్టుకుని ఇంటికి తెచ్చి ఊరికంతా వినపడేట్టు తిట్టేదాన్ని. ఈ రోజు తిట్లు గొంతు దాకా వచ్చి ఆగిపోయాయి. మామగారిని దొంగ ముఖం అని ఎలా అంటాను?

అసలు చెప్పుకోవడానికే సిగ్గు. మొన్నటి దాకా కొట్టంలో వాడి పక్కన కాళ్ళు చాపుకుని అనపకాయలు ఒలుచుకునేదాన్ని. ఇప్పుడు వాడు ఇటు చూస్తే కాళ్ళు ముడుచుకుంటున్నాను.

ఫిబ్రవరి 11

పొద్దున దాణా పెడుతూ పొరపాటున "రండి" అన్నాను. వాడు వచ్చాడు. ఎవరూ చూడలేదు.

ఫిబ్రవరి 12

మదనపల్లె పోయి వచ్చాను. డాక్టరు రేఖగారికి వాడు పాలు తాగే రోజుల నుంచి తెలుసు. ఫారం చూసి, పేరుకేమైందమ్మా, బాగానే ఉంది కదా అంది. సంగతి చెప్పాను. పడీ పడీ నవ్వింది. నవ్వి సంతకం పెట్టింది.

యజమాని సంతకం మా ఆయనతో పెట్టించుకోవాలి, ఆయన్ని ఎలా ఒప్పించాలో ఏమో అని గొణుక్కుంటున్నాను. రేఖగారు కార్డు నా ముందుకి తోసి, కింద వరస చదవమ్మా అంది.

యజమాని: ప్రసన్నలక్ష్మి. నా పేరే.

మామగారి పేరు చూసిన ఊపులో నేను రెండో వరస చదవనే లేదు. వారం రోజులుగా నా మీద నేను జాలిపడుతూ, రోజుకి రెండుసార్లు ఆ కార్డు తీసి పైవరసే చూస్తూ కూర్చున్నాను. ఈ ఇంట్లో పొలం, ఆవులు, టమాటా బండి, ఏదీ నా పేరున లేదు. గుర్రం ఉంది. పేరు ఉంచాలన్నా తీయాలన్నా నా ఒక్కదాని సంతకం చాలు.

ఇంటికొచ్చి మా ఆయన్ని అడిగాను, నా పేరు ఎందుకు రాయించావని. "సాకింది నువ్వు గదా. ఇంకెవురి పేరు రాస్తారు?" అన్నాడు. అదేదో ఊరందరికీ తెలిసిన విషయమైనట్టు. చెప్పొచ్చు కదా అంటే, కార్డులో ఉండాది గదా అన్నాడు. ఈ ఇంట్లో మగవాళ్ళకి నోటితో చెప్పే అలవాటు లేదు. మామగారూ అంతే. పొద్దున చెప్పులు వేసుకుని వెళ్ళిపోయేవారు. ఎక్కడికని చెప్పేవారు కాదు. కలికిరి సంతకో, పెద్దపంజాణికో, పక్క వీధికో. అత్త అన్నం మూత పెట్టుకుని వాకిట్లో కూర్చునేది.

సంతకం మాత్రం పెట్టాను. కొత్త పేరు రాసే చోట ఉలవప్ప అని అందంగా రాశాను.

ఫిబ్రవరి 14

విచిత్రం. ఈ రోజు కొట్టం బయట ఈశ్వరమ్మ మా ఆయనతో మాట్లాడుతూ మామగారి పేరు అంది. ఉలవప్ప చటుక్కున తల ఎత్తి ఇటు చూశాడు. ఆ పేరుతో వాడిని ఎవరూ పిలవరు. మా ఆయన కూడా నాన్న పేరు పెట్టాడే కానీ, పిలవడానికి ఆయనకీ నోరు రావడం లేదు, టుర్ టుర్ అంటున్నాడు.

ఈగ వాలి ఉంటుంది.

ఫిబ్రవరి 17

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కాగితం కొరియర్లో వేయడానికి పుంగనూరు పోయాను. షాపు అతను భోజనానికి పోయాడు, మూడింటికి వస్తాడన్నారు. అంతసేపు ఎండలో కూర్చునే ఓపిక లేక, రేపు వేద్దామని వెనక్కి బస్సెక్కాను. సాయంత్రం వస్తానని అత్తకి చెప్పి పోయినదాన్ని, రెండున్నరకే ఇల్లు చేరాను.

ఇంట్లో అత్త లేదు. కొట్టంలో నుంచి మాటలు వినిపించాయి. చుట్టాలు ఎవరైనా వచ్చారేమో అనుకుని అటు నడిచాను. గోడ దగ్గర ఆగిపోయాను.

అత్త మట్టిలో కాళ్ళు బారచాపుకుని కూర్చుంది. ఒళ్ళో ఉలవల గిన్నె. ఉలవప్ప ఆమె భుజం మీద మూతి పెట్టి నములుతున్నాడు. ఆమె మామగారి పేరు పెట్టి పిలుస్తోంది. మెల్లగా కూడా కాదు, మామూలుగా, పిల్లాడిని పిలిచినట్టు. పిలిచి, తిడుతోంది.

"యాడికి పోతాండావు రోజూ? చెప్పి పోతే నీ సొమ్మేం పోతాది? యాభై ఏండ్లు అన్నం మూత పెట్టుకోని వాకిట్లో కూసోని సూస్తి. ఒక్కనాడన్నా చెప్తివా?"

మళ్ళీ పేరు పెట్టి పిలిచింది. ఉలవప్ప చెవి తిప్పాడు. ఆమె ఒక గుప్పెడు ఉలవలు పెట్టింది. మళ్ళీ పిలిచింది, మళ్ళీ తిట్టింది. ఈసారి ఎప్పటిదో జాతరలో గాజులు కొనిస్తానని కొనివ్వకపోవడం గురించి. తర్వాత ఆమె నవ్వింది. నేను ఈ ఇంటికి వచ్చిన తర్వాత మా అత్త ఒంటరిగా నవ్వడం ఎప్పుడూ చూడలేదు.

చప్పుడు చేయకుండా వాకిలి దాకా వెనక్కి నడిచాను. తొట్టి దగ్గర బకెట్టు గట్టిగా పడేసి, అత్తా, వచ్చేశాను అని అరిచాను. ఆమె గిన్నె కొంగులో దాచుకుని వచ్చింది.

సంచిలో కాగితం ఉంది.

ఫిబ్రవరి 18

పొద్దున్నే అత్త నా పక్కకి వచ్చి నిలబడింది. కాగితం పంపిస్తివా అని అడిగింది. లేదత్తా, షాపు మూసి ఉంది అన్నాను. ఈ రోజు పంపుతావా అంది. ఏం చేద్దామని అడిగాను. మొదటిసారి నిజంగా అడిగాను. ఆ ఆదివారం అడిగింది అడగడం కాదు, నాకు కావలసింది ఆమె నోట్లో పెట్టడం.

చాలాసేపు పొయ్యిలో పుల్లలు సర్దింది. "ఆయన ఉన్నప్పుడు పలకలేకపోతి. పోయినాక పలికితే వినేవాళ్ళు లేకపోయిరి. ఇది చెవి తిప్పుతాదమ్మా" అంది.

 నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, పొయ్యి పొగ అనుకోవడానికి పొయ్యి ఇంకా అంటించలేదు.

ఫిబ్రవరి 20

గడువు అయిపోయింది. కాగితం బీరువాలో చీరల కింద ఉంది. నాకు కోపం లేదు. ఈసారి నిజంగానే.

ఫిబ్రవరి 23

కోపం లేకపోతే సరిపోయిందా, పిలవద్దూ? పోటీకి ఆరు రోజులుంది. బావి దగ్గరికి పోయి ఎవరూ లేనిది చూసుకుని నోరు తెరిచాను. మొదటి అక్షరం వచ్చింది. తర్వాతిది రాలేదు. అటుగా పోతున్న మేకల మునెప్ప, ఎవరినమ్మా పిలుస్తాండావు అని అడిగాడు.

నువ్వే పిలువు, వాడు నీ మాట వింటాడు అని అత్తని బతిమాలాను. కొట్టం వేరు, కుప్పం వేరు అంది. నలుగురిలో మొగుడిని పేరు పెట్టి పిలవడమా, నా తల తీసేసినట్టు ఉంటుందంది. పోటీ మానేద్దామంటే మాత్రం ఒప్పుకోలేదు. కొడుకు చేత కొత్త చెప్పులు తెప్పించుకుంది.

ఫిబ్రవరి 26

బాత్రూంలో కూడా రావడం లేదు.

మార్చి 1

కుప్పం. టమాటా బండిలో ఉలవప్ప ముందు, వెనకాల మేమంతా ఒక కారులో. పొద్దున ఏడింటికే మైదానం నిండిపోయింది. పుంగనూరు ఆవుల పక్కన మా వాడిని కట్టేస్తే, ఆటోల మధ్య లారీ పెట్టినట్టు ఉన్నాడు. ఒక దూడ వాడి కడుపు కింద నుంచి అటు ఇటు నడుస్తూ ఆడుకుంది.

మా వంతు వచ్చింది. మైకు పట్టుకున్నతను గుర్రం పేరు చెప్పమ్మా అన్నాడు. నేను కార్డు చూపించాను. అతనే చదివాడు, మైదానం నాలుగు మూలలా వినపడేట్టు. జనంలో మూడో వరసలో కూర్చున్న అత్త కొంగు సర్దుకుంది. వాడిని ఆ చివర వదిలి, ఇంత దూరం నడిచి ఈ చివర నిలబడ్డాను. జడ్జి గడియారం నొక్కాడు.

నోరు తెరిచాను. ఉలవప్ప అన్న పేరు నాలుక చివర దాకా వచ్చింది. ఆ పేరుతో పిలిస్తే పోటీ నుంచి తీసేస్తారు. మింగేశాను. చివరికి నా నోట్లో నుంచి వచ్చింది, "రండి." జనం గొల్లుమన్నారు. ఉలవప్ప తల ఎత్తి నా వైపు చూశాడు. అది తన పేరు కాదని తెలుసు, కాబట్టి తల దించేశాడు. తర్వాత వెనక్కి తిరిగి, తాళ్ళకి అవతల చెరుకు రసం బండి వైపు నడవడం మొదలుపెట్టాడు. నింపాదిగా, ఎవరికీ చెప్పకుండా.

నిమిషం అయిపోయిందని మైకులో చెప్పారు.  నాలుగేళ్ళు సాకి, ఇంతమందిలో వాడిని పిలవలేకపోతున్నాను.

అప్పుడు మూడో వరసలో మా అత్త లేచి నిలబడింది. పక్కవాళ్ళ భుజం పట్టుకుని లేచింది. పేరు పెట్టి పిలిచింది. ఆ గొంతు అంత పెద్దదని నాకు ఇన్నేళ్ళుగా తెలియదు.

"యాడికి పోతాండావు చెప్పకుండా? ఈడకి రా."

 ఉలవప్ప రెండు చెవులూ తిప్పాడు. తిరిగి, బరికి అడ్డంగా, జడ్జి బల్ల పక్క నుంచి, నా పక్క నుంచి కూడా, నన్ను చూడకుండా పరుగెత్తి తాడు దగ్గరికి పోయి ఆమె భుజం మీద మూతి పెట్టాడు. చప్పట్లు మొదలయ్యాయి. నేనూ కొట్టాను. అందరికన్నా ఎక్కువసేపు నేనే కొట్టి ఉంటాను.

బహుమతి రాలేదు. పిలిచిన మనిషి తాడుకి అవతల ఉందట, నియమం ఒప్పుకోదట. జడ్జి పాపం మంచివాడు, నొచ్చుకుంటూ చెప్పాడు. పేరు కొత్తగా ఉంది, ఎవరి పేరమ్మా అని అత్తని అడిగాడు. మా ఇంటాయనది అంది. ఆయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. మా ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ ఎండ ఎక్కువగా ఉందన్నాడు. మబ్బు పట్టి ఉంది.

తిరుగు దారిలో పలమనేరు దాటాక అత్త నా చెయ్యి పట్టుకుంది.

"పోతాండాడు గదమ్మా. మళ్ళా చెప్పకుండా పోతాండాడని..." అంది. ఆగి, "ఈసారి వచ్చినాడు" అంది.

జాహ్నవి కారు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను అత్త చెయ్యి వదల్లేదు.

మార్చి 3

అత్త గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు ఇచ్చాను. ఊరంతా వచ్చి కుప్పం కథ ఆమె చేత చెప్పిస్తున్నారు. చెప్పిన ప్రతిసారీ చెరుకు రసం బండి ఇంకాస్త దూరం జరుగుతోంది. పేరు వచ్చే చోట మాత్రం ఇంకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటోంది. మనుషుల ముందు అది మారదులే.

మధ్యాహ్నం ఈశ్వరమ్మ ఫోన్ చేసింది. మల్బరీ తోట. మళ్ళీ.

నేను ఒక్కదాన్నే పోయాను. వాడు నాలుగో వరసలో నిలబడి, తోక ఊపుకుంటూ, ఈ భూమి మీద తనకేం పనిలేదన్నట్టు మేస్తున్నాడు. కంచె దగ్గర నిలబడ్డాను. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. మునెప్ప మేకలు కూడా లేవు. మామగారూ, ఏమీ అనుకోకండి అని మనసులో చెప్పుకున్నాను. అనుకుంటే అనుకోండి, ఆకు ఈశ్వరమ్మది.

"ఓబులప్పా, ఇంటికి రా" అన్నాను.

ఆకు నములుతూనే వచ్చాడు.